మొక్కకు ఫొటో ఉంది, ఫైర్ లైన్‌కు లేదు

డిసెంబర్ సేవా కార్యక్రమాల్లో ఇక్కడి కాలిఫోర్నియా తెలుగోళ్ళ మన అసోసియేషన్ కడపలో చేసిన మొక్కల పండగ ఫొటోలు పోయిన సంచికలో చూసే ఉంటారు, వెనక వరసలో నేనూ ఉన్నా, కాబట్టి ఇది విన్న మాట కాదు, చూసిన మాట. పాలకొండల కింద షామియానా, బ్యానరు, శాలువాలు, ఉపన్యాసాలు, ఆఖర్న గువ్వలచెరువు పాలకోవా. అంతా బాగానే ఉండింది. కోవా తింటా ఉంటే ఎండాకాలం అడవిలో ఫైర్ వాచర్‌గా, అంటే మంటల కాపలాగా పనిచేసే పెద్దాయన ఒకాయన దగ్గరికొచ్చి, "చెట్లు నాటినారు సంతోషం నాయనా, శివరాత్రి దాటితే బోదగడ్డి ఎండిపోతాది, అగ్గి పడితే వీటినెవురు కాపాడతారు? ఆకులూదే మిషన్లు రెండు, కాళ్ళకు బూట్లు ఇప్పిస్తే సాలు" అన్నాడు. మన కమిటీ ఆయన ఒకరు నవ్వి, "ఊదే మిషన్‌కి ఫొటో ఏమొస్తుందన్నా" అన్నాడు. అందరూ నవ్వినారు. పెద్దాయన కూడా నవ్వినాడు, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడలా.

అక్కడ జరిగే పని తెలిసినోళ్ళకి ఆయన అడిగింది ఎంత చిన్న కోరికో తెలుస్తుంది. మన కొండల్లో చెట్లు చలికాలం చివర్లో ఆకు రాలుస్తాయి, ఫిబ్రవరికల్లా నేలంతా ఎండాకు. ఆ లోపలే గడ్డీ ఆకూ గీకి నేల కనపడేట్టు బాటలు తీయాల, అవే ఫైర్ లైన్లు. మంట అక్కడికొచ్చి తినడానికేమీ లేక ఆగాల. ఉపగ్రహం మంట చూస్తే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే వాళ్ళ నుంచి ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మంచిదే, కానీ మెసేజ్ వచ్చినాక కొండెక్కేది మనిషే, చేతిలో ఉండేది చాలాసార్లు పచ్చికొమ్మే.

ప్రభుత్వం డబ్బులివ్వదా అంటారు. ఇస్తుంది, అడవి మంటల కోసమే కేంద్ర పథకం ఉంది, మన రాష్ట్రానికి కేంద్రం 60, రాష్ట్రం 40 లెక్కన. గనులకీ రోడ్లకీ పోయిన అడవికి బదులు వసూలు చేసిన కాంపా డబ్బు 2019లో రాష్ట్రాలకి 47 వేల కోట్ల పైనే పంచినారు, దాన్ని అగ్గి పనికీ వాడుకోవచ్చు. కానీ ఆర్థిక సంవత్సరం మార్చి 31తో అయిపోతుంది, మంటల కాలమేమో ఫిబ్రవరిలో మొదలై జూన్ దాకా పోతుంది, సరిగ్గా పని నడిమధ్యలో ఖాతా మూసి మళ్ళీ తెరవాల. పైగా చూపించుకోడానికి నాటిన మొక్కల లెక్కే బాగుంటుంది, కాలకుండా మిగిలిన చెట్టు లెక్క ఎవరికి చూపిస్తారు? ఈ జబ్బు ప్రభుత్వాలకీ మనకీ ఒకటే. 2014 మార్చిలో తిరుమల దగ్గర శేషాచలం తగలబడితే ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు వచ్చినాయి, స్వామి కొండ, రావాల్సిందే. మన కడప కొండలు పాలకొండలకీ లంకమలకీ ఎవరొస్తారు?

కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళకి నేను చెప్పాల్నా, 2020లో ఆకాశం నారింజ రంగుకి తిరిగిన రోజు పిల్లల్ని ఇంట్లో పెట్టి ఎయిర్ ప్యూరిఫైయర్ల కోసం వాట్సాప్ గ్రూపుల్లో కొట్టుకున్నాం కదా. ఇక్కడా ఇదే కథ, 2015కల్లా అమెరికా ఫారెస్ట్ సర్వీస్ బడ్జెట్‌లో సగానికి పైగా మంటలకే పోయింది, మంటలు ఆర్పడానికి నివారణ డబ్బులే లాగేసేవాళ్ళు. 2018లో చట్టం చేసి, 2020 నుంచి పెద్ద మంటలకి వేరే నిధి పెట్టినారు. 2024 నవంబర్‌లో ప్రాప్ 4కి, అంటే కాలిఫోర్నియా బాండ్ల ప్రతిపాదనకి ఓటేసినాం, అందులో అడవులకీ మంటల నివారణకీ 1.5 బిలియన్ డాలర్లు. ఇక్కడ దానికి ఓటేసిన చెయ్యే అక్కడ బూట్లడిగితే నవ్వుతుంది.

మేకలోళ్ళే అగ్గి పెడతారు, ముందు వాళ్ళని ఆపండి అనే మాట కూడా ఆ రోజు వినపడింది. నిజమే, పెడతారు, కొత్తగడ్డి కోసం మా తాత కూడా పెట్టినోడే, ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కానీ ఘాట్‌లో ఏసీ కారు ఆపి సిగరెట్టు విసిరేసి పోయేవాణ్ణి మాత్రం అక్కడే నిలబెట్టి ఫైర్ లైన్ గీకించాల. ఉత్తర కాలిఫోర్నియాలో కరూక్, యూరోక్ తెగలు అడవిలో పెట్టే చిన్నమంటల్ని ఏళ్ళతరబడి నిషేధించి, ఇప్పుడు మళ్ళీ వాళ్ళనే పిలుస్తున్నారు. మేకలోళ్ళనీ, అడవి చూసుకునే ఊరి కమిటీ వన సంరక్షణ సమితినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడితే పోయేదేముంది?

ఇండియాకి విదేశీ విరాళాలు పంపే చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ తలనొప్పి అని ట్రెజరర్ గారంటారు, తెలుసు. కంటి క్యాంపులకి ఏ సంస్థ ద్వారా పంపుతున్నామో దాన్నే ముందు అడగండి. వచ్చే డిసెంబర్‌లో మొక్కలు నాటండి, వద్దనను, షామియానా శాలువాల ఖర్చు మాత్రం ఫైర్ వాచర్ల బూట్లకీ బ్లోయర్లకీ పెట్టండి, అదీ ఉగాది దాకా ఆగకుండా జనవరిలోపే చేరేట్టు. ఫొటో కావాలంటే నేనే వచ్చి తీస్తా.