పదమూడో ట్రిక్ తర్వాత ప్లాన్

బ్రిడ్జి పేకాటలో నో ట్రంప్ (తురుపు లేని) ఆట వచ్చినప్పుడు, తన ముక్కలూ పార్ట్‌నర్ ముక్కలూ తానే ఆడే డిక్లేరర్ ప్లాన్ ఎప్పుడు వేసుకోవాలన్న విషయంలో పండితులంతా కూడబలుక్కుని ఒకే పొరపాటు చేస్తున్నారు. లీడ్ (ప్రత్యర్థి దించే మొదటి ముక్క) పడి, డమ్మీ (డిక్లేరర్ పార్ట్‌నర్) తన ముక్కలు బల్ల మీద పరిచాక, ఏ ముక్కా ముట్టుకోకుండా కాసేపు ఆలోచించమంటారు. అప్పటికి డిక్లేరర్‌కి కనిపించేవి ఎన్ని? తనవి 13, డమ్మీవి 13, లీడ్ ఒకటి. మొత్తం 27. మిగతా 25 ఎవరి దగ్గరున్నాయో దేవుడికెరుక. సగం కాగితాలు చూసి సంతకం పెట్టమనే ఈ పద్ధతిని బాధ్యత గల మనిషి ఎవరైనా ఒప్పుకుంటారా? అదే ఆట పూర్తయ్యాక చూడండి, 52 ముక్కలూ తెలిసిపోతాయి. ప్లాన్ వేయడానికి అంతకంటే అనువైన సమయం లేదు. మన క్లబ్బుల్లో ఎందరో పెద్దలు ఏళ్ల తరబడి పాటిస్తున్న ఈ పద్ధతికి ఇంతవరకు గుర్తింపు రాకపోవడం అన్యాయం.

ఒక చేతిని, అంటే పంచిన ముక్కల్ని, చూద్దాం. దక్షిణంలో కూర్చున్న డిక్లేరర్ దగ్గర ఇస్పేటు ఆసు, 6, 3. ఆఠీను ఆసు, రాజు, 4. డైమండ్ 9, 8, 2. కళావరు ఆసు, 8, 5, 2. ఎదురుగా డమ్మీలో ఇస్పేటు 8, 5. ఆఠీను రాణి, 7, 2. డైమండ్ ఆసు, రాణి, జాకీ, 10, 4. కళావరు రాజు, 6, 3. కాంట్రాక్టు మూడు నో ట్రంప్. అంటే తురుపు లేకుండా, నలుగురూ తలో ముక్క వేసే పదమూడు ట్రిక్కుల్లో తొమ్మిది గెలవాలి. ప్రత్యర్థులు పడమర, తూర్పు. పడమర ఇస్పేటు రాజు దించాడు.

పండితుల లెక్క ఇదీ. ఖాయంగా వచ్చేవి ఏడు: ఇస్పేటు ఒకటి, ఆఠీను మూడు, కళావరు రెండు, డైమండ్ ఒకటి. కావలసిన మిగతా రెండూ డైమండ్‌లో ఉన్నాయి. తొమ్మిది వేసి, పడమర రాజు వేయకపోతే డమ్మీలోంచి ఆసు వేయకుండా చిన్న ముక్క వేయాలి. దీన్నే ఫినెస్ అంటారు. రాజు పడమర దగ్గరుంటే అయిదు డైమండ్లూ మనవే. తూర్పు దగ్గరుంటే అతను గెలిచి, మిగిలిన ఇస్పేటుని తన పార్ట్‌నర్‌కి అందిస్తాడు. అందుకే ఇస్పేటు ఆసుని రెండుసార్లు దాచి మూడోసారి వేయమంటారు. రెండు చేతుల్లో కలిపి ఇస్పేట్లు అయిదు, 'రూల్ ఆఫ్ సెవెన్' ప్రకారం ఏడులోంచి అయిదు తీసేస్తే రెండు, కాబట్టి రెండుసార్లు ఆగాలట. పడమర దగ్గర అయిదు, తూర్పు దగ్గర మూడు ఉంటే, ఆసు వేసేసరికి తూర్పు దగ్గర ఇస్పేటు అయిపోతుంది. ఇక అతను డైమండ్ రాజుతో గెలిచినా చేయగలిగింది లేదు. మనకి పది ట్రిక్కులు. ఒకవేళ ఇస్పేట్లు చెరో నాలుగు ఉన్నా మనం పోగొట్టుకునేవి నాలుగే. తొమ్మిది ఎటూ పోవు. డైమండ్ రాజు పడమర దగ్గరే ఉన్నా నష్టం లేదు. ఆగినా, ఆగకపోయినా పదకొండే.

లెక్క తప్పని నేననడం లేదు. పరువు మాటేమిటని అడుగుతున్నాను. అవతలివాడు రాజుని దించితే, చేతిలో ఆసు పెట్టుకుని ఇస్పేటు మూడు వేయడమా? చూసేవాళ్లు ఏమనుకుంటారు? అసలైన డిక్లేరర్ రాజు బల్లను తాకీ తాకకముందే టప్‌మని ఆసు కొడతాడు. ఆ వెంటనే డైమండ్ తొమ్మిది, ఫినెస్. తూర్పు రాజుతో గెలిచి ఇస్పేటు పది తిప్పుతాడు. పడమర జాకీతో అందుకుని రాణి, తొమ్మిది, చివరికి రెండు పరుస్తాడు. ఇస్పేటు రెండు! నాలుగు ఆసులూ మన వైపే ఉన్న ఆటలో ఆ రెండుకి ట్రిక్ దక్కడం కంటే సామాజిక న్యాయం ఏముంది? ఒకటి డౌన్, అంటే కాంట్రాక్టుకి ఒక ట్రిక్ తక్కువ.

ప్లానింగ్ మొదలయ్యేది ఇక్కడే. ఆట సాగుతున్నంతసేపూ సలహా ఇవ్వకూడదని చట్టం నోరు కట్టేసిన డమ్మీకి ఇప్పుడు స్వేచ్ఛ వస్తుంది.

"ఏమండీ, ఆసుని రెండుసార్లు ఆపి ఉంటే సరిపోయేది కదా?"

"ఆపితే వాళ్లు కళావరుకి మారేవాళ్లు కాదూ?"

"మారితే మారనీండి, ఆసూ రాజూ మన దగ్గరే ఉన్నాయిగా!"

"అయినా డైమండ్ రాజు తూర్పు దగ్గరుందని నాకేం తెలుసండీ?"

ఈ చివరి మాటకి జవాబు లేదు. తెలియనప్పుడు రెండింటికీ సిద్ధపడటమే ప్లాన్ అని డమ్మీ గొణుగుతాడు గానీ, అప్పటికే డిక్లేరర్ తర్వాతి చేతి ముక్కలు సర్దుకుంటూ ఉంటాడు. మొదటి ట్రిక్‌కి అర సెకను కూడా తీసుకోని ఈ మనిషే, ఎనిమిదో ట్రిక్ దగ్గర కళ్లు మూసుకుని దీర్ఘాలోచనలో పడతాడు. అప్పుడు చేయడానికి ఏమీ మిగలదు కనుక ప్రశాంతంగా ఆలోచించవచ్చు.

మన సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో తొందరపడింది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన రమ్మీ కేసులో 1967లో తీర్పు చెబుతూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆటేననీ, అందులో అదృష్టం పాత్ర బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పుడు ఉండేలాంటిదేననీ అంది. బ్రిడ్జి నైపుణ్యానికి కొలబద్ద అయిందన్నమాట. పైన చెప్పిన ఒకటి డౌన్‌ని న్యాయమూర్తుల ముందు ఎవరూ సాక్ష్యంగా పెట్టినట్టు లేదు.

ఇక డూప్లికేట్ టోర్నమెంట్లు. పంచిన చేతుల్నే బోర్డులో పెట్టి బల్లబల్లకీ తిప్పుతారు. చేతులు బాగా రాలేదని చెప్పుకునే ప్రాథమిక హక్కుని దీంతో లాగేసుకున్నారు. అవే ముక్కలతో పక్కబల్ల ఆయన పది చేశాడని స్కోరు చూపిస్తుంది. ఆయన మొదటి ట్రిక్ దగ్గర నిమిషంసేపు కదలకుండా కూర్చున్నాడని, అది చూసి మనవాళ్లు నవ్వుకున్నారని మాత్రం అందులో ఉండదు.

కాబట్టి ప్రపంచ బ్రిడ్జి ఫెడరేషన్‌కి నా విన్నపం. పదమూడో ట్రిక్ అయ్యాక డిక్లేరర్‌కి పది నిమిషాలు ఇవ్వాలి. అతను చెప్పిన ప్లాన్ ప్రకారమే స్కోరు రాయాలి. అంత పెద్ద సంస్కరణకి ఇప్పుడే వీలుకాదంటే మధ్యేమార్గం ఒకటుంది. లీడ్ వేసేముందు పడమర, తూర్పు తమలో డైమండ్ రాజు ఎవరి దగ్గరుందో చెప్పేస్తే చాలు. మిగతాది మేం చూసుకుంటాం.