ఎక్స్‌ప్రెషన్ పెడల్: కొనాలా, చేసుకోవాలా?

డిలే (వాయించింది మళ్లీ మళ్లీ వినిపించేది), రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు చేసేది) లాంటి గిటార్ ఎఫెక్ట్‌లలో ఒక నాబ్‌ని చేత్తో తిప్పే బదులు కాలితో నడిపించేదే ఎక్స్‌ప్రెషన్ పెడల్. హైదరాబాద్‌లో కలిసి వాయించే ఇద్దరి మధ్య వాదన ఇది. ఎంత తొక్కినా మార్పు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆ హద్దులు మార్చుకునే వీలున్న పెడల్‌ని తనే చేసుకుంటానంటాడు తమ్ముడు. కొనుక్కోమంటాడు అన్న.

అన్న: దాంట్లో ఏముందిరా? తిప్పితే రెసిస్టెన్స్ మారే ఒక పాట్, కేబుల్ గుచ్చడానికి ఒక జాక్. షాపులో దొరికేదానికి ఇంత తిప్పలు దేనికి?

తమ్ముడు: అంతే ఉంది కాబట్టే చేసుకుంటానంటున్నా అన్నా. పెడల్‌కి సొంత కరెంటు అక్కర్లేదు. ఎఫెక్ట్ బాక్సే కేబుల్ ప్లగ్ మీది రింగ్ మీదుగా కొద్ది వోల్టేజ్ పంపుతుంది. 10కె (పదివేల ఓమ్‌ల) లీనియర్ పాట్‌కి మూడు పిన్నులు: పైది ఆ వోల్టేజ్‌కి, కిందది గ్రౌండ్‌కి. మధ్య పిన్‌కి కలిసి లోపల జరిగే కాంటాక్ట్ ఎక్కడ ఆగితే, ఆ వోల్టేజ్‌లో అంత వాటా ప్లగ్ కొన, అంటే టిప్, మీదుగా వెనక్కి వెళ్తుంది. కావాల్సిన సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరికేదే.

అన్న: సామాను దొరుకుతుంది సరే, బాడీ? రెండు చెక్కలకి తలుపు బందు బిగించి తెస్తావు. నిలబడి వాయిస్తుంటే పాదం బరువంతా దాని మీదే పడుతుంది. బందు కాస్త ఆడినా ఆ ఊగుడంతా పాట్ షాఫ్ట్ మీదికే వస్తుంది. నాలుగు ప్రోగ్రాములకే పాట్ అరిగి, డిలే ఉన్నట్టుండి ఎగబాకుతుంది.

తమ్ముడు: బాడీ సంగతిలో నీ మాటకి ఎదురు చెప్పను. అందుకే పాత వా పెడల్ (తొక్కుతుంటే గిటార్‌ని ‘వా వా’ అనిపించేది) తీసుకుంటా. లోహపు బాడీ. నొక్కితే పళ్ల పట్టీ దిగి పాట్ మీది చక్రాన్ని తిప్పుతుంది. బోర్డు పీకేసి, 100కె పాట్ తీసి 10కె వేస్తా. టిప్, రింగ్, గ్రౌండ్ మూడూ తగిలే స్టీరియో జాక్ పెడతా.

అన్న: ఆ పట్టీ పాట్‌ని మొత్తం తిప్పదు కదా. మడమ నుంచి మునివేళ్ల దాకా నొక్కినా కొంత భాగమే తిరుగుతుంది.

తమ్ముడు: ఆ భాగం ఎక్కడ మొదలవ్వాలో మన చేతిలోనే ఉంది. మడమవైపు పూర్తిగా నొక్కి పట్టి, మధ్య పిన్‌కీ గ్రౌండ్ పిన్‌కీ మధ్య రెసిస్టెన్స్ కొలవడానికి మల్టీమీటర్ పెడతా. 2కె చూపించిందనుకో, పట్టీ విడదీసి చక్రాన్ని ఒక పన్ను జరిపి మళ్లీ నొక్కుతా. రీడింగ్ సున్నా దగ్గరికి వచ్చేదాకా అదే పని. పైన మిగిలిపోయేది ఎఫెక్ట్ బాక్స్ క్యాలిబ్రేషన్‌లో, అంటే పెడల్ రెండు కొసలూ ఎక్కడో బాక్స్‌కి నేర్పేటప్పుడు, సర్దుకుంటుంది.

అన్న: క్యాలిబ్రేషన్ ఉంటే! సరే, నీ హద్దుల సంగతికి రా. షాపులో దొరికే రోలాండ్ ఈవీ-5 పెడల్‌కి పక్కనే మినిమమ్ నాబ్ ఉంది కదా?

తమ్ముడు: అది కింది హద్దు. నాకు పై హద్దు కూడా కావాలన్నా. డిలే ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన మోతలో మళ్లీ లోపలికి వెళ్లే వాటా) మరీ పెరిగితే మోత ఆగకుండా తనంతట తనే పెరుగుతూ పోతుంది. పూనకంలో పెడల్ చివరిదాకా తొక్కినా అక్కడిదాకా వెళ్లకూడదు. అందుకే మెయిన్ పాట్‌కి కింద, గ్రౌండ్ వైపు, ఒక 10కె పాట్; పైన, వోల్టేజ్ వైపు, ఇంకో 10కె పాట్. కిందది పూర్తిగా తిప్పితే, మడమ దించినా సగం వోల్టేజ్ నిలుస్తుంది. పైదొక్కటే పూర్తిగా తిప్పితే, ఎంత తొక్కినా సగం దాటదు.

అన్న: రెండూ కలిపి తిప్పి చూడు. కింద సగానికి పెట్టుకున్నావు. పైది కూడా పూర్తిగా తిప్పగానే మొత్తం 30కె అయి, ఆ సగం కాస్తా మూడో వంతుకి పడిపోతుంది. ఒకటి కదిపితే రెండోదీ చెడుతుంది.

తమ్ముడు: అవును. స్టేజి మీద తిప్పే నాబ్‌లు కావవి. ఇంట్లో రెండూ మార్చి మార్చి సెట్ చేసుకుని, పెయింట్ చుక్క పెట్టుకోవాలి. క్యాలిబ్రేషన్ మాత్రం రెండూ సున్నాలో ఉన్నప్పుడే చెయ్యాలి. లేకపోతే మనం పెట్టిన హద్దునే బాక్స్ పూర్తి రేంజ్ అనుకుంటుంది.

అన్న: మల్టీ ఎఫెక్ట్స్ యూనిట్ కొంటే మెనూలోనే మినిమమ్, మ్యాక్సిమమ్ పెట్టుకోవచ్చు. ఈ లెక్కలన్నీ దేనికి?

(ఇక్కడ అన్న మాటే నెగ్గుతుందని నా అభిప్రాయం. మెనూ ఉన్నవాళ్లకి ఈ రెండు నాబ్‌లు దండగ.)

తమ్ముడు: అలాంటిది ఉన్నవాళ్లని నేనూ చెయ్యమనను. నా చిన్న డిలేకి మెనూ లేదు, వెనక జాక్ మాత్రమే ఉంది.

అన్న: రేపు అది అమ్మేసి ఇంకోటి కొంటావు. రోలాండ్ పద్ధతికీ యమహా పద్ధతికీ టిప్, రింగ్ తారుమారు.

తమ్ముడు: ఆ రెండు వైర్లనీ ఒకేసారి తారుమారు చేసే ఆరు పిన్నుల డీపీడీటీ స్విచ్ పెడితే సరిపోతుంది. తప్పు వైపు ఉంటే తెలిసిపోతుంది, పెడల్ చాలాదూరం ఏమీ మార్చకుండా చివర్లో ఒక్కసారి దూకుతుంది. అసలు జాగ్రత్త వేరే ఉంది. అలా తారుమారైతే బాక్స్ వోల్టేజ్ మధ్య పిన్‌కే వస్తుంది. మడమ దించితే అది నేరుగా గ్రౌండ్‌కి షార్ట్. అందుకని 1కె రెసిస్టర్ మధ్య పిన్ వైర్‌లోనే వెయ్యాలి. పై పిన్‌కి వేస్తే ఈ షార్ట్‌ని ఆపదు సరికదా, పైకొసలో పదకొండో వంతు వోల్టేజ్ పోతుంది.

అన్న: ఇదంతా ఆలోచించావన్నమాట. వా పెడల్ నా దగ్గర ఒకటి పడి ఉంది, తీసుకెళ్లు. కోఠికి వెళ్లేముందు మాత్రం అందులోని పాట్ షాఫ్ట్ కొలుచుకో. కొత్త పాట్ మీద చక్రం వదులైతే నువ్వు జరిపిన పళ్లన్నీ వృథా. ప్రోగ్రాముకి మాత్రం కొన్న పెడల్ ఒకటి బ్యాగులో ఉండాల్సిందే. ఆ విషయంలో నేను తగ్గను.

తమ్ముడు: బ్యాగులో ఉండనీ అన్నా. కాలి కింద మాత్రం నాదే ఉంటుంది.