ఊదించాల్సింది సెంటర్లో కాదు, మందు షాపు బయట

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు కదా, ఆ బస్సు గుద్దింది అప్పటికే రోడ్డు మీద పడి ఉన్న బైకుని, ఆ బైకు నడిపిన కుర్రాడు తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. అప్పట్నించి మన గోదావరి వైపు కూడా నలుగురు కూర్చున్న చోటల్లా ఇదే వాదన. ఫైన్ పెంచాలని కొందరు, జైల్లో వేయాలని కొందరు, అసలు మందే ఆపేయాలని ఇంకొందరు. మా పత్రిక మాట వేరు. తాగినోడు బండి స్టార్ట్ చేసే చోట, తాగాడో లేదో మెషిన్లో ఊదించి చూసే పోలీసు ఉండాలి, బండి అక్కడే వదిలేసి ఇంటికెళ్ళడానికి ఇంకో దారి ఉండాలి. ఈ రెండూ లేనంతకాలం డెల్టాలో బళ్ళు కాలవల్లో పడుతూనే ఉంటాయి.

చట్టం మెత్తగా ఏం లేదు. మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసే, ఇంగ్లండులో ఆ లెక్క 80, యూరప్‌లో చాలా దేశాల్లో 50, అంటే మనదే గట్టిది, కొందరికి ఒక్క బీరుతోనే దాటిపోవచ్చు. 2019 సవరణతో మొదటిసారి దొరికితే 10,000 రూపాయల ఫైనో, ఆరు నెలల దాకా జైలో, లేకపోతే రెండూనో, రెండోసారి 15,000, రెండేళ్ళ దాకా. ఇంత ఉన్నా భయం ఎందుకు లేదంటే, పట్టుకుంటారని ఎవడూ అనుకోడు కాబట్టి. దొరకననుకునేవాడికి పదివేలైనా ఒకటే లక్షైనా ఒకటే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వాళ్ళు 1982 డిసెంబరులో అనుమానం ఉన్నా లేకపోయినా ఎవరినైనా ఆపి ఊదించడం మొదలుపెట్టారు, ఈ రాత్రి నన్ను కూడా ఆపుతారేమో అని ప్రతి డ్రైవరూ అనుకునేలా చేశారు, రోడ్డు చావులు బాగా తగ్గాయి. వాళ్ళకి పనిచేసింది శిక్ష సైజు కాదు, దొరుకుతామన్న నమ్మకం.

మరి మన దగ్గర ఎక్కడ ఊదిస్తున్నారు? భీమవరమైనా అమలాపురమైనా తణుకైనా, సాయంత్రం పూట, లైట్లున్న సెంటర్లో. పోలీసులు నిలబడ్డ పది నిమిషాల్లో ఫోన్లు వెళ్ళిపోతాయి, "బావా, సెంటర్లో ఊదిస్తున్నారు, గట్టు మీంచి పో" అని. ఆ గట్టే కదండీ అసలు ప్రమాదం! ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా మన ఊళ్ళన్నీ కాలవ గట్ల మీదే అతుక్కుని ఉన్నాయి, ఒక పక్క కాలవ, రెండో పక్క చేనో రొయ్యల చెరువో, మధ్యలో ఒక బండి పట్టే రోడ్డు, లాకుల దగ్గరా వంతెనల దగ్గరా చటుక్కున మలుపు, చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు, లైటుండదు, గుర్రపుడెక్క పట్టేసిన కాలవ రాత్రిపూట నీళ్ళలా కూడా కనపడదు, తాగకుండా వచ్చేవాడికే అక్కడ ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. హైవే మీద పడితే వెనకాల వచ్చే లారీవాడైనా చూస్తాడు. గట్టు మీంచి కాలవలో పడినోణ్ణి తెల్లారి పాలకెళ్ళేవాళ్ళు చూడాలి. సెంటర్లో తనిఖీ పెట్టి మిగతా దారులు వదిలేస్తే తాగినోణ్ణి మనమే ఆ చీకట్లోకి తోలుతున్నట్టు.

ఇక యానాం సంగతి. అది పుదుచ్చేరిది, మందు చవక, కోనసీమ నుంచి ఎదుర్లంక వంతెన దాటితే చాలు. శని, ఆదివారాలు అక్కడికెళ్ళి తాగి అదే బండి మీద వెనక్కొచ్చేవాళ్ళు ఎంతమందో ఆ వంతెన పక్క ఊళ్ళవాళ్ళకి బాగా తెలుసు. షాపు ఒక ప్రభుత్వానిది, యాక్సిడెంట్ అయ్యే రోడ్డు ఇంకో ప్రభుత్వానిది, మధ్యలో చచ్చేది మనవాళ్ళు. రెండు వైపుల పోలీసులూ కూర్చుని మాట్లాడుకుంటే వంతెన ఒక్కటే దారి కాబట్టి తనిఖీకి అంతకంటే వీలైన చోటు డెల్టాలో ఇంకోటి లేదు.

మందే ఆపేయాలనే ఆడవాళ్ళ బాధ మాకు తెలుసు, దాన్ని తేలిగ్గా తీసుకోం, తాగినోడు పోతే అప్పులూ పిల్లలూ మిగిలేది వాళ్ళకే. కానీ 1995లో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఎత్తేశారు, ఆ రెండేళ్ళూ యానాంలో షాపులు తెరిచే ఉన్నాయి. హైవేకి 500 మీటర్ల లోపు షాపులు ఉండకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, తర్వాత 20,000 లోపు జనాభా ఉన్న చోట్ల 220 మీటర్లు చాలంది, ఆ తర్వాత ఇంకా సడలించింది. మన 216 నంబరు హైవే పక్కన ఊళ్ళు ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి, అక్కడ షాపుని 220 మీటర్లు జరిపితే తాగేవాడు ఇంకో 220 మీటర్లు బండి నడుపుతాడు, అంతే.

ఇంకో మాట కూడా గట్టిగా చెప్పాలి. నిమ్మకాయ నీళ్ళు తాగితేనో, మజ్జిగ తాగితేనో, చన్నీళ్ళు పోసుకుంటేనో దిగిపోద్ది అనే నమ్మకం మనవాళ్ళలో బలంగా ఉంది. దిగదు. లివరు గంటకి సుమారు ఒక చిన్న పెగ్గు లెక్కన కరిగిస్తుంది, దాన్ని ఏ మజ్జిగా తొందరపెట్టలేదు. అర్ధరాత్రి దాకా బాగా తాగి పడుకున్నోడు ఉదయం ఏడింటికి స్కూలు ఆటో తీస్తే వాడి రక్తంలో ఇంకా ఉండొచ్చు. అందుకే ఉదయం పూట కూడా ఊదించాలి, ముఖ్యంగా స్కూలు బళ్ళనీ, చేపలూ రొయ్యలూ ఎక్కించుకెళ్ళే వ్యాన్లనీ.

తాగినోడు ఇంటికెలా వెళ్ళాలి అన్న ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పట్లేదు. రాత్రి తొమ్మిది దాటితే చాలా లంక ఊళ్ళకి బస్సుండదు, ఆటోవాడు అడిగినంత ఇస్తేనే వస్తాడు, దాంతో "నెమ్మదిగా పోతాలే" అని బండే తీస్తాడు. పర్మిట్ రూముకి, అంటే మందు షాపు పక్కనే కూర్చుని తాగే గదికి, లైసెన్సు ఇచ్చేటప్పుడే బండి రాత్రంతా ఉంచుకునే జాగా, రేటు ఖరారైన ఆటోలు ఉండాలని షరతు పెట్టొచ్చు కదా. పెళ్ళి మండపాలవాళ్ళకీ అదే చెప్పాలి, మనవైపు రాత్రి ముహూర్తాలు ఎక్కువ, కార్ల డిక్కీల్లో జరిగే పార్టీలు పెళ్ళిపెద్దలకి తెలియనివి కావు, బాబాయ్ చేతిలోంచి తాళం తీసుకునే చొరవ ఆ ఇంటి కుర్రాళ్ళకి ఉండాలి.

సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర మూడు రోజులూ మందు ఏరులై పారుతుంది, జనం ఎక్కడెక్కడినుంచో బళ్ళ మీద వస్తారు. ఈసారి పోలీసు, రవాణా, ఎక్సైజ్ శాఖలు ముగ్గురూ కలిసి బరుల పార్కింగుల బయట, పర్మిట్ రూముల బయట, ఎదుర్లంక వంతెన ఈ చివర భోగి పొద్దున్నించి కనుమ అర్ధరాత్రి దాకా అందరినీ ఆపి ఊదించే టీములు పెట్టాలి, పెడుతున్నామని నెల ముందే ఊరూరా మైకులో చెప్పించాలి, ఎవరి సిఫార్సు ఫోనుకీ బండి వదలకూడదు. రెయిలింగ్ లేని గట్టు మలుపుల లిస్టు ఇరిగేషన్, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్ళు ఈలోపే తయారుచేసి పని మొదలుపెట్టాలని మన డెల్టా జిల్లాల కలెక్టర్లని అడుగుతున్నాం.