చంటోడికి కుర్చీ ఎందుకండీ, ఇన్ని ఒళ్లు ఉండగా

పెళ్లిళ్లలో ఒక కొత్త ధోరణి మొదలైంది. సమాజం ఇంకా మేల్కోలేదు కాబట్టి నేనే రాయాల్సి వస్తోంది. కొందరు కుర్ర తల్లిదండ్రులు పిల్లాణ్ని ఎత్తుకుని, డైపర్ల సంచి ఒక భుజానికి, ఇంకో సంచి రెండో భుజానికి తగిలించుకుని ఫంక్షన్ హాల్లోకి వస్తున్నారు. ఆ రెండో సంచిలో ఉండేది మడతపెట్టే బూస్టర్ సీటు. (మడతపెట్టే కుర్చీ అనగానే మీలో కొందరికి ఏ పాట గుర్తొచ్చిందో నాకు తెలుసు, దాన్ని కాసేపు పక్కన పెట్టండి, ఇది గంభీరమైన విషయం.) దాన్ని విప్పి, మామూలు కుర్చీ మీద పెట్టి, ఒక పట్టీని కుర్చీ కింద నుంచి, ఇంకో పట్టీని వీపు వెనక నుంచి తిప్పి బిగించి, ఏడాదిన్నర పిల్లాణ్ని అందులో కూర్చోబెట్టి బెల్టు పెట్టి, వాడి ముందు కాస్త పప్పన్నం, ఉడికిన క్యారెట్ ముక్కలు వేసి, తాము కూడా పక్కనే కూర్చుని భోంచేస్తున్నారు. అందరూ ఒకేసారి. పిల్లాడు పరిగెత్తడం లేదు, తల్లి వాడి వెనక పరిగెత్తడం లేదు. చంటిబిడ్డ తల్లి తన అన్నాన్ని వేడిగా ఉండగానే తినేస్తోందంటే మనం ఎక్కడికి పోతున్నామో మీరే చెప్పండి.

మన పద్ధతి అది కాదు. మన దగ్గర చంటిపిల్లాడి భోజనం అంటే ఊరేగింపు. ఒకరు గిన్నె పట్టుకోవాలి, ఒకరు వాణ్ని చంకనేసుకోవాలి, ఒకరు కాకిని చూపించాలి, కాకి దొరక్కపోతే కుక్కని, కుక్క కూడా లేకపోతే వాచ్‌మన్‌ని. తాతయ్య బూచోడి గొంతు పెట్టాలి. మేనమామ "ఈ ముద్ద నేను తినేస్తా" అని బెదిరించి, పిల్లాడు సరే తినెయ్ అన్నట్టు చూస్తే నిజంగానే తినెయ్యాలి. మొదటి ముద్ద వరండాలో, రెండోది గేటు దగ్గర, మూడోది పక్కింటివాళ్ల మెట్ల మీద, నాలుగోది వాడి నోట్లోంచి అమ్మమ్మ చీర మీద. గంటన్నర పడుతుంది. పిల్లల డాక్టర్లేమో ఒక పూట తిండి అరగంటకు మించి సాగదీయొద్దంటారు. అరగంటలో ముగించేస్తే మిగిలిన గంటా ఈ ఐదుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సి వస్తుంది, దానివల్ల పుట్టే గొడవలకు ఏ డాక్టరు బాధ్యత తీసుకుంటాడు?

అసలు పిల్లలకు సీటు లేదన్నది నా ఒక్కడి అభిప్రాయం కాదు, ఈ దేశపు విధానం. రైల్లో 5 ఏళ్ల లోపువాళ్లకు టికెట్ లేదు, కాబట్టి బెర్తూ లేదు. విమానంలో 2 ఏళ్లు నిండనివాళ్లు మామూలుగా ఒళ్లోనే. ఆర్టీసీ బస్సు సంగతి చెప్పక్కర్లేదు, అక్కడ మన ఒళ్లో కూర్చున్నది మన పిల్లాడేనన్న గ్యారంటీ కూడా ఉండదు. బూస్టర్ సీటు కనిపెట్టినవాడు ఈ చిన్న విషయం మరిచిపోయాడు. దాన్ని పెట్టాలంటే కింద ఒక కుర్చీ కావాలి, ఆ కుర్చీ పిల్లాడికి దక్కాలి. 2022లో రైల్వేవాళ్లు లక్నో మెయిల్‌లో ఒక ప్రయోగం చేశారు, కింది బెర్తుకు ఆనించి చంటిపిల్లకు మడతపెట్టే చిన్న బెర్తు బిగించారు. పడుకోవడానికి. గమనించండి, పడుకోవడానికే. మేలుకుని ఉన్న చంటిపిల్లకు సొంత జాగా ఇవ్వడం దాకా ప్రభుత్వం కూడా తెగించలేదు.

"ఇదే సీటు కార్లో కూడా పెట్టేస్తే పోలా?" అని అడిగే బాబాయి ప్రతి ఇంట్లో ఒకాయన ఉంటాడు. పోదు బాబాయ్. అన్నం తినే సీటు వేరు, కారు సీటు వేరు, గట్టిగా బ్రేకు పడితే ఇది పిల్లాణ్ని ఆపలేదు. కార్లో 14 ఏళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టు గానీ, పిల్లల సీటు గానీ లేకపోతే నడిపేవాడికి 1,000 రూపాయల జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి మరీ రాశారు. చట్టం ఉంది. ముందు సీట్లో అమ్మ ఒళ్లూ ఉంది. రెండూ ఒకదాన్నొకటి ఇబ్బంది పెట్టుకోకుండా బతుకుతున్నాయి.

ఈ దండయాత్రను మొదట ఎదుర్కొన్నది మాత్రం మన ఫంక్షన్ హాళ్లు. వాళ్లను అభినందించాలి. సీటుతో పాటు వచ్చే కాగితంలో ఏముంటుందంటే, కుర్చీకి వీపు ఉండాలి, గట్టిగా నిలబడాలి, స్టూలు మీదా బెంచీ మీదా సోఫా మీదా పెట్టొద్దు, రెండు పట్టీలూ బిగించాలి, పిల్లాణ్ని వదిలి పక్కకు పోవద్దు. మనవాళ్లు ముందుచూపుతో కుర్చీకి తెల్ల శాటిన్ గుడ్డ తొడిగి, వెనక గులాబీరంగు రిబ్బను కట్టారు. పట్టీ ఆ గుడ్డ మీద నిలవదు, జారుతుంది. గుడ్డ తీసేద్దామంటే, కింద ఉన్న కుర్చీని ఎవరూ చూడకూడదనే కదా గుడ్డ వేసింది. గుడ్డ లేని హాళ్లలో చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు, ఆ చేతుల మధ్య కొన్ని సీట్లు దూరనే దూరవు. దూరినా ఆ కుర్చీ ఎంత తేలికంటే, కడుపు నిండిన పిల్లాడు టేబుల్ అంచును రెండు కాళ్లతో ఒక్క తన్ను తన్నాడంటే కుర్చీ, సీటు, పిల్లాడు అంతా కలిసి వెనక్కి పడతారు. అందుకే ముందు కుర్చీని ఊపి చూసుకోవాలి, కాళ్లు టేబుల్‌ని తన్నడానికి అందకుండా చూసుకోవాలి. ఇదంతా ఎవరు చూస్తారు, "ఏం కాదులేమ్మా, నేను పట్టుకుంటా" అనే మావయ్య ఉండగా? మావయ్య పట్టుకుంటాడు. ఫోన్ మోగేదాకా.

బఫే ఉన్న చోట ఈ బాధే లేదు. కుర్చీలే లేవు. డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో మంచినీళ్ల గ్లాసు పట్టుకుని, మూడో చెయ్యి ఎక్కడుందా అని వెతుక్కుంటూ నిలబడి తింటుంటే, వాళ్ల మధ్య చంటోడికి ఆసనమా!

హోటళ్లకు వెళ్దాం. హై చైర్ ఉందా అని అడిగితే "ఉంది సార్" అంటారు. ఉంటుంది, ఒకటి. అది అవతలి టేబుల్ దగ్గర ఉంటుంది, అందులో వాళ్ల హ్యాండ్‌బ్యాగు కూర్చుని ఉంటుంది. బతిమాలి తెప్పించుకుంటే దానికి ట్రే ఉండదు, బెల్టు ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. అప్పుడు తల్లి ఏం చేస్తుంది, తన చున్నీ తీసి పిల్లాడి పొట్ట చుట్టూ తిప్పి కుర్చీకి కట్టేస్తుంది. ఇక్కడే మనం గర్వపడాలి. ఇప్పుడు కొన్ని కంపెనీలు గుడ్డతో కుట్టిన సీటొకటి అమ్ముతున్నాయి, కుర్చీ వీపుకు తొడిగి పిల్లాణ్ని అందులో కూర్చోబెట్టి కట్టడమే, మడిస్తే చేతి సంచిలో పడుతుంది. అంటే ఏంటి? మన అమ్మమ్మల తువ్వాలు విద్య. మనవాళ్లు పేటెంట్ తీసుకోలేదు, అంతే.

అయినా బెల్టు చూడగానే పెద్దత్తయ్యకు కళ్లనీళ్లు తిరుగుతాయి. "ఏంటమ్మా, పసివాణ్ని అట్లా కట్టేశావ్? మనసెట్లా ఒప్పింది?" అని అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. ఆవిడ తన ఐదుగురు పిల్లలనూ ఏనాడూ కట్టెయ్యలేదు. కాళ్లు చాపుకుని కూర్చుని, పిల్లాణ్ని కాళ్ల మధ్య ఇరికించి, వాడి రెండు చేతులనూ ఎడమ చేత్తో ఒడిసిపట్టి, బుగ్గలు నొక్కి, నోరు తెరుచుకున్న క్షణంలో ముద్ద దోపేది. అందులో ప్రేమ ఉంది. బెల్టులో ఏముంది, నైలాను.

కూర్చోబెట్టి పెట్టమని డాక్టర్లు చెప్పేదానికి వేరే కారణం ఉంది. నిటారుగా కూర్చున్న పిల్లాడికి తిండి గొంతుకు అడ్డం పడే ప్రమాదం తక్కువ, పడుకోబెట్టి పెట్టినా, పరిగెడుతుంటే పెట్టినా, ఏడుస్తుంటే కుక్కినా ఆ ప్రమాదం ఎక్కువ. పల్లీలు, శనగలు, కోయని ద్రాక్షపండ్లు, పాప్‌కార్న్ చిన్నపిల్లలకు ఇవ్వొద్దంటారు కూడా. మనకు ఇంత శాస్త్రం అక్కర్లేదు. పరిగెత్తే పిల్లాడికి పొలమారితే నెత్తిమీద రెండు తట్టి "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంటాం. ఎవరు తలుచుకుంటున్నారో కూడా చర్చిస్తాం. ఎక్కువగా అమెరికాలో ఉన్న బాబాయే.

ఆ బాబాయి వేసవి సెలవులకు పిల్లలతో వస్తే పెట్టెలో బూస్టర్ సీటు కూడా వస్తుంది. పెట్టెకు 23 కిలోల లెక్క ఉన్నా, మనిషి సుఖం మానేసి దానికి చోటిచ్చి మరీ తెస్తాడు. తిరుగు ప్రయాణంలో ఆ చోటు ఆవకాయది, గోంగూరది, సున్నుండలది. సీటు ఇక్కడే అటకెక్కుతుంది. మరుసటి ఏడాది చూస్తే నాన్నమ్మ దాని మీద తులసికోట పక్కన పూలకుండీ పెట్టి ఉంటుంది, బెల్టు కూడా వేసి. కుండీ పడకుండా.

సీటు లేకపోతే పిల్లాడు ఎట్లా తింటాడని మీ అనుమానం. ఫోన్ ఉంది కదా. ఫోన్ ముందు నోరు దానంతట అదే తెరుచుకుంటుంది, లోపలికి వెళ్తున్నది పెరుగన్నమో కందిపప్పో వాడికీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే 2 ఏళ్లు నిండనివాళ్లకు స్క్రీన్ అసలు వద్దని, అక్కణ్నుంచి 5 ఏళ్ల దాకా రోజుకు గంట మించొద్దని చెప్పింది. ఆ సంస్థవాళ్లు ఎవరూ పెళ్లిభోజనాల్లో రెండో బంతికి పిల్లాణ్ని పట్టుకుని నిలబడలేదన్నది స్పష్టం.

ఇంకో ఫిర్యాదు, మెతుకులు. సీటులో కూర్చున్న పిల్లాడు తన చేత్తో తింటాడట, సగం కింద పడేస్తాడు. అన్నం పరబ్రహ్మ స్వరూపం, తొక్కకూడదు. ఈ మాట చెప్పేవాళ్ల విస్తట్లో ఆ సమయానికి ఓ సగం కొరికిన బూరె, ముట్టుకోని కోవా కజ్జికాయ, వద్దు వద్దంటూనే వేయించుకున్న బిర్యానీ ఉంటాయి. అవి విస్తరి మడిచేస్తే కనబడవు. పిల్లాడికి ఇంకా మడవడం రాదు.

కానీ నా అసలు అభ్యంతరం వీటిలో ఏదీ కాదు. ఒళ్లో ఉన్నవాడు మన చేతిలో ఉంటాడు. కుర్చీలో కూర్చున్నవాడు బంతిలో ఒక మనిషి. మనిషన్నాక వాడికీ ఒక విస్తరి, విస్తరి ఉన్నాక దాని మీద చెయ్యి అడ్డం పెట్టే హక్కు వచ్చేస్తాయి. మీరు గమనించండి, బూస్టర్ సీటులో కూర్చున్న పిల్లాడు ఐదో ముద్ద దగ్గర మొహం తిప్పేస్తాడు. గిన్నె అవతలికి నెడతాడు. పెద్దవాళ్లలో ఎవరైనా అట్లా చేస్తే "పాపం చాలన్నారు, వదిలెయ్యండి" అంటాం. వీడు చేస్తే ఏమనాలి? 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మళ్లీ తగులుకుంది. 6 నుంచి 23 నెలల పిల్లలకు తిండి పెట్టేటప్పుడు వాళ్ల ఆకలినీ, కడుపు నిండిన సైగనీ చూసి పెట్టాలట, తమంతట తాము తినేలా ప్రోత్సహించాలట. ఇక పెద్దరికం ఏం మిగిలింది?

మనం పిల్లలకు స్వేచ్ఛ ఇవ్వలేదనడానికి లేదు. అన్నప్రాశన నాడు మేనమామ ఒళ్లోంచి దింపి, పుస్తకం, కలం, డబ్బు, కత్తి, బంగారం ముందు పెట్టి, జీవితాంతం ఏం చేస్తావో ఎంచుకోరా అని ఆరు నెలలవాణ్ని అడుగుతాం. వాడు డబ్బు పట్టుకుంటే ఫోటోలు తీస్తాం, కత్తి పట్టుకుంటే డాక్టరవుతాడని సర్ది చెప్పుకుంటాం. ఆ ఒక్క రోజు చాలు. మర్నాటి నుంచి ఎన్ని ముద్దలన్నది మనం చూసుకుంటాం. ఎందుకంటే సాయంత్రం వియ్యపురాలు ఫోన్ చేసి "ఏం తిన్నాడు?" అని అడిగితే లెక్క చెప్పాల్సింది మనం. "ఐదు ముద్దలు తిని చాలన్నాడు వదినా" అంటే అవతల ఎంతసేపు మౌనం ఉంటుందో మీకు తెలుసు. ఆ తర్వాత "అందుకే చిక్కిపోయాడు" అన్న మాట వస్తుంది, అది ఇంటి కోడలి ఖాతాలో పడుతుంది.

అయినా నేను మూర్ఖుణ్ని కాను, కాలంతో రాజీపడగలను. బూస్టర్ సీటును మన వేడుకల్లోకి అనుమతిద్దాం. ఫంక్షన్ హాల్‌కు ఓ పది కుర్చీలు శాటిన్ ముసుగు లేకుండా, గట్టివి, చేతులు లేనివి వేయించమని అడుగుదాం, లక్షల అద్దెలో అదొక లెక్క కాదు. వాటిలో వధూవరుల స్నేహితులు కూర్చుని సెల్ఫీలు దిగకుండా ఓ మనిషిని కాపలా పెడదాం. పట్టీలు బిగించే బాధ్యత తండ్రికి అప్పగిద్దాం, సంచి మోసినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కాలి. తల్లిని వేడి అన్నం తిననిద్దాం, అలవాటు లేక నోరు కాలితే అది ఆవిడ చూసుకుంటుంది. ఇక ఆ పిల్లాడు మొహం తిప్పేసి గిన్నె నెట్టేస్తే దాన్ని "చాలు" అని లెక్క వెయ్యాలా, వద్దా అన్నది రెండువైపుల పెద్దలూ కూర్చుని తేల్చాల్సిన విషయం. వాళ్లంతా మూడో బంతిలో ఉన్నారు, రావడానికి టైం పడుతుంది. ఈలోగా ఇంకో ముద్ద పెట్టొచ్చు.