వేడినీళ్ల దొరవారికి ఖాళీ నోటీసు

మహారాజరాజశ్రీ మోటార్‌హోమ్ వాటర్ హీటర్ దొరవారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఉభయుల్లో ఒకరికి అడుగున చిల్లు పడింది, ఇంకొకరికి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కనక ఆ ముక్క వదిలేసి నేరుగా విషయంలోకి వస్తాను. ఈ లేఖ రాసే సమయానికి నా తలమీది షాంపూ సగమే కడిగాను. మిగతా సగం కడగడానికి ధైర్యం చాల్లేదు.

తొమ్మిదేళ్ల నుంచి తమరు ఇల్లూ బండీ ఒకటే అయిన మా మోటార్‌హోమ్‌లో పైసా అద్దె లేకుండా కాపురం ఉన్నారు. మంచం కింద చోటు, బండి గోడకి కన్నం కోసి సొంత తలుపు, గాలికి సొంత జాలీ, పొగకి సొంత దారి. మాకందరికీ కలిపి ఒక్కటే వాకిలి. ఒకరు సాక్సులు తొడుక్కోవాలంటే ఇంకొకరు బండి దిగాల్సిన ఆ ఇరుకులో, ఆరు గ్యాలన్ల, అంటే దాదాపు 23 లీటర్ల తమ దేహానికి మేం కాళ్లు ముడుచుకుని మరీ చోటిచ్చాం.

భోజనంలోనూ లోటు చేయలేదు. గ్యాస్ కావాలంటే గ్యాస్, కరెంటు కావాలంటే కరెంటు. గంటకి 12,000 బీటీయూల (వేడిని కొలిచే లెక్కలెండి) చొప్పున గ్యాస్ తాగితే తమరు అరగంటలోపు కాగేవారు. అదే 1,440 వాట్ల కరెంటు మీదైతే ముప్పావుగంట దాకా మూలిగేవారు. కొన్ని బండ్లలో తమ జాతివారికి మూడో విస్తరి కూడా ఉంటుంది. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంటు గొట్టాన్ని ట్యాంకు మీదుగా తిప్పుతారు, బండి నడుస్తుంటే ఇంజన్ వేడికే నీళ్లు కాగిపోతాయి. మా బండికి ఆ వైభోగం లేదు. ఆ సంగతి తమరు ఏనాడూ నోరు విప్పి అడగకపోయినా, ముఖం చూస్తే తెలిసేది.

ఇంతా చేస్తే దక్కింది అలక. మీట నొక్కగానే బుద్ధిగా వెలిగిన రోజులు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. సర్క్యూట్ బోర్డు టిక్ టిక్‌మని నిప్పురవ్వ విసురుతుంది. మూడుసార్లు చూస్తుంది. మంట కనిపించలేదా, గ్యాస్ కట్టేసి ఎర్రదీపం చూపించి పడుకుంటుంది. ఇక నేను తువ్వాలు చుట్టుకుని మీట ఆపి, మళ్లీ వేసి, మళ్లీ ఆపి బతిమాలుకోవాలి. బండి బ్యాటరీ కాస్త నీరసపడితే తమరికీ నీరసం. గ్యాస్ మీద మండేవారికి 12 వోల్టుల కరెంటుతో పనేమిటని ఒకసారి గట్టిగానే విసుక్కున్నాను. ఆ బోర్డూ, గ్యాస్ వాల్వూ నడిచేది దానిమీదేనని తర్వాత తెలిసింది. అప్పుడు క్షమాపణ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

ఒక ఏడాది బండిని నెలల తరబడి కదపలేదు. ఆ సందులో తమరు బర్నర్ గొట్టాన్ని ఒక సాలీడుకి అద్దెకిచ్చేశారు. తమరే అద్దె కట్టరు, పైగా మళ్లీ ఇంకొకరికి అద్దె! నీలంగా మండాల్సిన మంట పసుప్పచ్చగా నాలుక చాపింది, బయటి తలుపు మసిబారింది. తీరా గొట్టం ఊడదీసి చూస్తే గోరంత గూడు. మంటకి కావాల్సిన గాలిని ఆ గోరంతే ఆపేసింది.

ఇక ఏడుపు. కాగుతున్నప్పుడల్లా రిలీఫ్ వాల్వులోంచి బొట్లు బొట్లుగా కన్నీళ్లు. 150 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లనే లెక్క) ఒత్తిడో, 99 డిగ్రీల వేడో దాటితే తెరుచుకుని ట్యాంకు పేలకుండా కాపాడాల్సిన వాల్వు అది. చీటికీ మాటికీ ముక్కు చీదడానికి పెట్టింది కాదు. పాడైందనుకుని ఒకటి మార్చాను. అదీ ఏడ్చింది. ఇంకొకటి మార్చాను. అదీ ఏడ్చింది. రెండు వాల్వుల డబ్బు పోయాక అసలు సంగతి తెలిసింది. వేడెక్కిన నీళ్లు ఉబ్బుతాయి, ఆ ఉబ్బు ఇముడ్చుకోవడానికి ట్యాంకు నెత్తిన కాస్త గాలి ఉండాలి, ఆ గాలి రోజులు గడిచేకొద్దీ నీళ్లలో కలిసిపోతుంది. చల్లారాక పంపు ఆపి, ఒక వేన్నీళ్ల కుళాయి విప్పి, వాల్వు పిడి ఎత్తి, కారడం ఆగేదాకా ఉంచితే గాలి మళ్లీ చేరుతుంది. పావుగంట పని. ఖర్చు సున్నా.

కరెంటు కాయిల్ మాడిపోయిన సంగతి ఎత్తకూడదనుకున్నాను గానీ, తమరి ఫైలులో అదీ ఉండాలి. ఖాళీ ట్యాంకుకి మీట వేసింది నేనే. నిమిషంలో కథ ముగిసింది. లోపల నీళ్లు లేవని ఒక్క కేక వేస్తే పోయేదేముంది?

తమరి వంశం సంగతి కూడా విచారించాను. మన భాషలో తమ దాయాదిని గీజరు అంటాం కదా, ఆ మాట ఐస్‌లాండులోని వేన్నీటి ఊట పేరు. 1868లో లండన్‌లో బెంజమిన్ మాఘన్ అనే ఆయన గ్యాస్‌తో నీళ్లు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. నీళ్లు బాగానే కాగేవి. పొగ బయటికి పోయే గొట్టం పెట్టడం మాత్రం మర్చిపోయాడు. స్నానానికి దిగినవాడు శుభ్రంగా బయటికొస్తాడో, శుభ్రంగా పోతాడో తెలియదన్నమాట. ఆ లెక్కన తమరు చాలా మర్యాదస్తులే. పొగ మొత్తం బయటికే వదిలారు, ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు అసలు నేరం. చిల్లు.

తమరిది లోపల ఎనామిల్ పూత వేసిన ఉక్కు ట్యాంకు. ఆ పూతలో వెంట్రుకవాసి బీట ఉన్నా చాలు, నీళ్లు ఉక్కుని కొరకడం మొదలుపెడతాయి. అందుకే నీళ్లు వదిలే బిరడాకి, అంటే డ్రెయిన్ ప్లగ్‌కి, ఒక మెగ్నీషియం కడ్డీ తగిలించి లోపలికి బిగిస్తారు. యానోడ్ రాడ్ అంటారు. ఉక్కు జోలికి పోవద్దు, నన్ను తినండని అది నీళ్లకి ఒళ్లప్పగిస్తుంది. ఈ ఉపాయం బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీది. 1824లో ఆయన బ్రిటిష్ యుద్ధనౌకల అడుగున తాపడం చేసిన రాగిరేకులకి ఇనుప, జింకు ముక్కలు తగిలించాడు. రాగిని ఉప్పునీళ్లు తినేయడం ఆగింది. ఆగిందని అందరూ సంతోషించేలోగా ఓడల అడుగున గవ్వపురుగులూ నాచూ గుంపులుగా కాపురం పెట్టాయి. రాగి కరుగుతూ ఉంటేనే దాని విషానికి అవి దగ్గరికి రావు మరి. ఓడలు నత్తనడక పట్టాయి. అంతటి డేవీగారి లెక్కే తప్పిందంటే, నేనెంత?

ఇది సాకు అని తమరు అనొచ్చు. సాకే.

కడ్డీని ఏటా ఒకసారి విప్పి చూడమని, ముప్పాతిక వంతు అరిగితే మార్చమని పుస్తకంలో రాసి ఉంది. నేను ఏటా తప్పకుండా ఆ పుస్తకం విప్పి చూశాను. మొన్న పాన పట్టి ప్లగ్ తిప్పితే దాని వెంట కడ్డీ రాలేదు. కడ్డీ నడుమ ఉండే ఇనుప తీగ మాత్రం, మాంసమంతా పోయిన చేపముల్లులా వేలాడుతూ వచ్చింది. అంటే ఆ కడ్డీ అయిపోయిన రోజు నుంచీ తమరు దిక్కులేకుండా లోలోపల తినబడుతూ, పైకి మాత్రం రోజూ 60 డిగ్రీల నీళ్లు పోస్తూ ఉన్నారన్నమాట. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? అవును, రెండేళ్లుగా పొద్దున మొదటి చెంబు నీళ్లు ఎర్రగా వచ్చేవి. అది తమరి ఉత్తరమని నాకేం తెలుసు? మేం ఆగిన చోటల్లా నీళ్లే అలా ఉన్నాయనుకున్నాను. ఆ రెండేళ్లలో మేం ఆగిన చోట్లు ముప్పయ్యో నలభయ్యో ఉంటాయి. అన్నిచోట్లా ఎర్రగానే ఉన్నా నాకు అనుమానం రాలేదు. నా నమ్మకం అలాంటిది.

సరే, ఖాళీ చేయించే కార్యక్రమం తమకి తెలిసిందే. గ్యాస్ సిలిండర్ కట్టేశాను, బ్యాటరీ తీగ పీకాను, పంపు ఆపాను, చల్లారాక నీళ్లు వదిలాను. తీగలు విప్పేముందు ఫోటో తీశాను. జీవితంలో ముందుచూపుతో నేను చేసిన పనుల్లో ఇదొకటి. గ్యాస్ గొట్టం నట్టుకి రెండు పానలు పట్టాలి, ఒకటి తిప్పడానికి, ఒకటి గొట్టం మెలితిరగకుండా ఆపడానికి. బయటి చట్రం మరలు పదహారు. వాటిలో పదకొండు మర్యాదగా వచ్చాయి. మిగతా అయిదూ తుప్పుతో గోడకి కరుచుకున్నాయి, వాటి తలలు డ్రిల్లుతో తీయించాల్సి వచ్చింది. తమరిని బయటికి లాగాక కింద చెక్క చూస్తే నానిన అట్టలా వేలితో పొడిస్తే దిగిపోయింది. తమరు బిందువు బిందువుగా ఎన్నాళ్లు ఏడ్చారో అప్పుడు తెలిసింది.

తమ స్థానానికి దరఖాస్తులు పిలిచాను. ట్యాంకే లేని కుర్రాడొకడు వచ్చాడు. నీళ్లు పారుతుండగానే కాచేస్తాడు, 42,000 బీటీయూల దూకుడు. కానీ ధార బలంగా ఉంటేనే మంట అందుకుంటాడు. నీళ్లు పొదుపు చేద్దామని కుళాయి సన్నగా తిప్పామా, ఆరిపోతాడు. పైగా వేడి అందేదాకా పారే చన్నీళ్లన్నీ వృథా. బండిలో మోసుకెళ్లే నీళ్లు ఎన్నని? దూరప్రయాణాల్లో ఈ దానగుణం మాకు కుదరదు. ఇంకొకరు ట్రూమా అనే జర్మన్ కంపెనీ వారి సంతతి. వారికి ఒక వాల్వు ఉంది, చుట్టూ చలి 3 డిగ్రీలకి దిగిందంటే గడ్డకట్టి ట్యాంకు పగలకుండా నీళ్లన్నీ తనంతట తనే వదిలేస్తుంది. మతిమరుపు యజమానుల కోసమే పుట్టిన పుణ్యాత్మురాలు. ఆ వాల్వు మీద మనసు పడ్డాను గానీ, మా గొట్టాల అమరికంతా తిరగరాయాలన్నారు.

చివరికి అల్యూమినియం ట్యాంకు పెద్దమనిషిని కుదుర్చుకున్నాను. ఆయనకి యానోడ్ రాడ్ అక్కర్లేదు. నేను మర్చిపోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. ఇంతకంటే అర్హత ఏం కావాలి? నడుం తమకంటే వెడల్పు కావడంతో గోడ కన్నం పెద్దది చేయాల్సి వచ్చింది. పాడైన చెక్క కోసి కొత్తది వేశాను, చట్రం చుట్టూ సీలెంట్ టేపు పెట్టాను, గ్యాస్ కీలు మీద సబ్బునీళ్లు పూసి బుడగ రాలేదని రెండుసార్లు చూశాను. తమరి దగ్గర నేర్చిన పాఠం ప్రకారం ముందు ట్యాంకు నింపి, కుళాయి గాలి కక్కడం మానేదాకా ఆగి, అప్పుడే మీట వేశాను. మొదటి టిక్‌కే వెలిగాడు. కళ్లు చెమర్చాయి.

అరగంట తర్వాత కుళాయి విప్పితే చన్నీళ్లు. గంట తర్వాతా చన్నీళ్లే. కొత్తాయనని తమరిని తిట్టిన మాటలతోనే తిట్టాను, ఆ మాటలు అలవాటులో ఉన్నాయి కదా. బోర్డు చూశాను, మంట చూశాను, తలుపు ముట్టుకుంటే కాలింది. నీళ్లు మాత్రం మంచు. మూడోగంటలో మంచం కింద దూరితే బైపాస్ వాల్వు కనిపించింది. చలికాలంలో ట్యాంకుని తప్పించి గొట్టాల్లో యాంటీఫ్రీజ్, అంటే గడ్డకట్టని ద్రవం, పంపడానికి పెట్టింది అది. తమరిని పీకేటప్పుడు నేనే తిప్పాను. మళ్లీ యథాస్థానానికి తిప్పలేదు. ట్యాంకు నిండా నీళ్లున్నాయనుకుని మీట వేసింది కూడా నేనే. కుళాయి గాలి కక్కడం మానిందంటే ట్యాంకు నిండి కాదు, నీళ్లు దాన్ని చుట్టి పక్కదారిన వెళ్లి. కొత్తాయన ఖాళీ కడుపుతో మూడుగంటలు మండాడు. వేడెక్కువైతే తెగే కట్‌ఆఫ్ ఆయన్ని మధ్యమధ్య ఆపి కాపాడినట్టుంది. ఈ సంగతి తమరి దాకా ఎలాగూ వస్తుందని నేనే ముందు చెబుతున్నాను.

కనక ఈ నోటీసు అందిన వెంటనే బండి పక్కన గడ్డిలోంచి కూడా ఖాళీ చేయవలసింది. పాతసామాను బండి రేపొస్తుంది.

ఇట్లు,
తమ యజమాని (మాజీ)

తా.క.: కొత్త చెక్క వేయడానికి తమరి వెనక మూల చెయ్యి పెడితే ఏదో గీసుకుంది. తీసి చూస్తే ప్లాస్టిక్ కవరు కూడా చింపని కొత్త యానోడ్ రాడ్. కవరు మీద నా చేతిరాతే: "మర్చిపోకుండా పక్కనే పెట్టాను." కింద తేదీ ఉంది, తమరు వచ్చిన ఏడాదే. కొత్తాయన ప్లగ్‌కి అది పట్టదు. పారేయడానికి మనసు రాక, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టాను.