హాల్లో కూర్చుని డాబా కొలిచే విద్య

వెలుగు పడితే కరెంటు పుడుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బెకెరెల్ 1839లోనే గమనించాడు. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్లు చూపించిన సిలికాన్ సెల్ తన మీద పడ్డ వెలుగులో 6 శాతం దాకా కరెంటుగా మారిస్తే, ఇవాళ ఇళ్ల మీద పెట్టే ప్యానెల్ 20 శాతం దాటింది. ఇంత సాధించిన సోలార్ రంగానికి ఇప్పటికీ లొంగని అడ్డంకి ఒక్కటే మిగిలింది. మెట్లు.

కొటేషన్ ఇవ్వడానికి వచ్చే పెద్దమనిషి మెట్లెక్కడు. మీ ఇంటికొచ్చినాయనా ఎక్కి ఉండడు, నాకు తెలుసు. సోఫాలో సర్దుకుని, ట్యాబ్ తెరిచి, ఉపగ్రహం తీసిన మన డాబా ఫొటో మనకే చూపిస్తాడు. అసలు డాబా సరిగ్గా ఆయన నెత్తి మీదే ఉంటుంది. దాన్ని వందల కిలోమీటర్ల పైనుంచి చూడడాన్ని సైట్ సర్వే అంటారు.

ఆ ఫొటోలో మన నీళ్ల ట్యాంకు ఉండదు. ఫొటో తీసిన తర్వాత కట్టుకున్నాం మరి. "ట్యాంకు నీడ పడుతుందేమోనండీ" అని నసుగుతాం. "ఏం పర్లేదు సార్, మాది హై ఎఫిషియెన్సీ ప్యానెల్!" నీడకి ఎఫిషియెన్సీ అంటే భయం కాబోలు. ప్యానెల్ తిరగాల్సిన దక్షిణం ఎటండీ అంటే టీవీ వైపు వేలు చూపిస్తాడు. టీవీ ఉన్నది పడమటి గోడకి. ఈలోగా ట్యాబ్‌లో యానిమేషన్ సూర్యుడు బుద్ధిగా ఉదయించి, ఏ పిట్టగోడకీ తగలకుండా నడినెత్తికొచ్చి, అంతే బుద్ధిగా అస్తమిస్తాడు. ఆ లోకంలో మబ్బుల్లేవు, దుమ్ము లేదు, కాకులు అసలే లేవు. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గరున్నప్పటివని, ఎండకి అది 60 దాకా కాలితే ఉత్పత్తిలో దాదాపు పదో వంతు పోతుందని ఆ సూర్యుడికి ఎవరూ చెప్పలేదు. ట్యాబ్‌లో ఉత్పత్తి చూపించే పచ్చగీత పైకి పోతూనే ఉంటుంది. అది తెర అంచు తాకగానే పెద్దమనిషి పెన్ను తీస్తాడు.

సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపిన ప్యానెళ్లలో ఒకదాని మీద నీడ పడితే దెబ్బ వరుసకంతటికీ తగలొచ్చు. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుని పక్కదారి పట్టించే బైపాస్ డయోడ్లు నష్టాన్ని తగ్గిస్తాయి కానీ పూర్తిగా పోగొట్టవు. నీడ ఎక్కడ పడుతుందో తెలియాలంటే పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పైకెళ్లి చూడాలి. ఒక్క రోజులో మూడుసార్లు మెట్లు! ఇంత అమానుషానికి ఎవరు ఒడిగడతారు? ఇక కప్పు కారుతోందా, బరువు ఆగుతుందా లాంటి చిల్లర సంగతులు చివరి పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో, కస్టమర్ బాధ్యత కింద ఉంటాయి.

"కరెంటు పోతే?" అని అడిగి చూడండి. "సోలార్ ఉందిగా సార్!" అంటాడు. ఉన్నా పోతుంది. ప్యానెల్ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చి లైన్‌తో కలిపే, బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ ఇన్వర్టర్, లైన్లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. ఎక్కడో స్తంభమెక్కి తీగ బాగుచేస్తున్న లైన్‌మన్‌కి మన డాబా నుంచి షాక్ కొట్టకూడదని దాన్ని అలా తయారుచేశారు. ముఖమైనా చూడని మనిషి ప్రాణం గురించి ఒక ఇనప డబ్బాకి అంత పట్టింపు.

మరి బిగించే రోజు పైకెక్కేది ఎవరు? పెద్దమనిషి కాదు. హవాయి చెప్పులేసుకున్న ఒక కుర్రాడు. ఇరవై కిలోలు పైబడ్డ ప్యానెల్‌ని, గాలొస్తే మనిషినే లాక్కుపోయే పలకని, రెండు చేతులా పట్టుకుని అంచు వెంబడి నడుస్తాడు. తాడు లేదు. బెల్టు లేదు. హెల్మెట్ లేదు. ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్‌లో కరెంటు ఆగదు, పది కలిపితే వందల వోల్టుల డీసీ కరెంటు. వాడి చేతులకి గ్లవ్స్ లేవు. యానిమేషన్‌కి డబ్బులున్నాయి, రంగుల బ్రోచర్‌కి ఉన్నాయి, ఒక తాడు కొనడానికి లేవా? ఫోన్ చేసి అడిగితే "వాళ్లకి అలవాటే సార్" అట! పడడం ఎవరికయ్యా అలవాటు? ప్యానెల్‌కి 25 ఏళ్ల వారెంటీ అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పావు కదా, ఆ పిల్లాడి నడుముకి ఎన్నేళ్లు రాశావు?

తాడు, బెల్టు, హెల్మెట్ అని కొటేషన్‌లో రాసి ఉంటేనే సంతకం పెట్టండి. లేదంటారా, మొదటి ప్యానెల్‌ని ఆయన్నే మోయమనండి, అదే అంచు మీద.