రొయ్యకున్న యోగం

మా పంచాయతీ ఆఫీసు గోడకి ఈమధ్య ఒక కాగితం అంటించారు. 'గ్రామ నీటి నాణ్యత: సంతృప్తికరం.' కింద సంతకం, స్టాంపు. మేమంతా నిలబడి చదివి సంతృప్తి పడ్డాం. పడక చస్తామా, స్టాంపు ఉంది కదా!

నీటి పరీక్షంటే వచ్చామా చూశామా పోయామా అన్నట్టు ఉండదట. ఏళ్ళ తరబడి అదే చోట, అదే కాలంలో, అదే పద్ధతిలో చెయ్యాలట. అప్పుడే ఉప్పు ఎప్పుడు ఎక్కిందో, నైట్రేటు ఎప్పట్నించి పెరుగుతోందో తెలుస్తుంది. బంగారం లాంటి సూత్రం. మా ఊళ్ళో దీన్ని మడి కట్టుకుని మరీ పాటిస్తున్నారు.

ఎలాగంటారా? శాంపిల్ తియ్యడానికి ఒకాయన ఐసు పెట్టె, సీసాలతో బండి దిగాడు. ఏ శాఖో చెప్పను, ఆయన ఉద్యోగం ఆయన్ని చేసుకోనిద్దాం.

"ఇక్కడ నుయ్యి ఉండాలండీ?"

"పూడ్చేశారండి. కాంప్లెక్సు కట్టారు."

ఆయన ఫోన్లో మ్యాపు తీశాడు. మ్యాపు ప్రకారం నుయ్యి సెల్‌ఫోన్ల షాపు కౌంటరు కింద ఉంది. షాపు కుర్రాడు మర్యాదగా కుర్చీ పక్కకి జరిపాడు కూడా.

"పాయింటు మార్చకూడదండి. పాత రికార్డు తెగిపోద్ది," అన్నాడాయన, నిజంగానే బాధగా.

పక్కనే వాటర్ ప్లాంటు. దాని బోరు ఈ స్థలంలోదే. ఆయన మొహం వెలిగింది. సీసాని మూడుసార్లు కడిగాడు, రూల్లో ఉన్నట్టే. టిన్నులు నింపే కుళాయి కింద పెట్టి నిండా పట్టాడు. ఫిల్టరైన నీళ్ళండీ అవి! అయినా చీటీ మీద 'తవ్వుడు బావి' అని రాసి ఐసులో పెట్టాడు. ఆ దెబ్బతో మా ఊరి భూగర్భజలం ఒక్క ఏడాదిలో మంచు నీళ్ళంత తేట పడిపోయింది. రేపు ఎవరో ఆ గ్రాఫు చూసి, 'పరిరక్షణ చర్యలు అద్భుత ఫలితాలనిచ్చాయి' అని డాక్టరేటు కొట్టేస్తారు. కొట్టనివ్వండి.

ఒక పెద్దాయన ఊరుకోలేక, "బాబుగారూ, అదిగో ఆ డ్రైను నల్లగా నురగలు కక్కుతోంది, దాంట్లో ఓ సీసా ముంచండి" అన్నాడు.

"అది మన పాయింటు కాదండి."

"మరి పాయింటు ఎవరిస్తారండీ?"

"పైనించి రావాలండి."

"ఆయ్, అదీ పైనించే వస్తోందండి. చెరువుల్లోంచి."

చెరువులంటే గుర్తొచ్చింది. మా గోదారి డెల్టాలో నీళ్ళని సక్రమంగా కనిపెట్టి చూసే శాస్త్రవేత్త ఒక్కడే ఉన్నాడు, రొయ్యల రైతు. పొద్దునా సాయంత్రం పీహెచ్ చూస్తాడు, ఉప్పదనం, అమ్మోనియా కూడా. అనుమానమొస్తే సీసా పట్టుకుని భీమవరం ల్యాబుకి పరుగు. పగలు ఎండకి నాచు ప్రాణవాయువు వదులుతుంది, రాత్రంతా ప్రతి జీవీ దాన్ని పీల్చేస్తుంది, తెల్లారేముందు నీళ్ళలో అది అడుగంటుతుందని ఆయనకి తెలుసు. అందుకే తెల్లవారుజామున టార్చి పట్టుకుని గట్టు మీద తిరుగుతాడు, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్ ఆగితే గుండె ఆగినంత పని. మనుషులు తాగే కాలువ దగ్గరికి సీసా ఎప్పుడొస్తుంది? టిఫినయ్యాక, పదకొండింటికి. ఎండ బాగా కాశాక. అప్పుడు ఏ కాలువైనా బాగానే ఊపిరి పీలుస్తుంది మరి.

వచ్చే జన్మలో వనామీ రొయ్యగా పుట్టించమని మొక్కుకుంటున్నాను.

మన ప్రమాణాలూ దయగలవే. తాగేనీటిలో కరిగిన లవణాలు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా ఫరవాలేదు. దిక్కు లేకపోతే! 1852 కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి గోదారిని ఇంటి ముందుకి తెచ్చిన సీమ ఇది. ఇక్కడ కాలువ శివారు ఊరివాడు దిక్కులేనివాడు ఎందుకయ్యాడు? బోరేసి లోతుకి పోతే ఉప్పు. కాలువ నీళ్ళ మీద ఆధారపడదామంటే ఎండాకాలం నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు. ఆ లోపు నింపుకున్న మంచినీళ్ళ చెరువులోకి ఎగువ ఊళ్ళ మురుగు, రొయ్యల పట్టుబడి అయ్యాక వదిలేసిన చెరువు నీళ్ళు కలిసే వస్తాయి. ఆ నీళ్ళు పిల్లాడికి పట్టలేక కూలికెళ్ళే మనిషి టిన్ను కొనుక్కుంటోంది. దీనికి సంతృప్తికరం అని స్టాంపు వేసిన చేతికి సిగ్గుండక్కర్లేదా?

2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా మనుషులు మూర్ఛలొచ్చి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. అప్పుడు అందరూ సీసాలు పట్టుకుని నీళ్ళ మీద పడ్డారు. మనుషులు పడిపోయాక పట్టే సీసా ఎవరికి? నిన్నటి అంకె నిజాయితీగా రాసిపెట్టకపోతే ఇవాళ్టి అంకెని దేంతో పోలుస్తారు, సెల్‌ఫోన్ల షాపు కౌంటరుతోనా?

ఈ ఎండాకాలం కాలువలు కట్టేశాక రండి. తెల్లవారుజామున నాలుగింటికి, డ్రైను కలిసే చోటికి. ఐసు పెట్టె బరువైతే మోయడానికి మేమొస్తాం.